మత్తు బిస్కెట్లు

పోయిన దీపావళికి ముందు రెండు వస్తువులు కొన్నాను. ఒకటి, మా అన్నయ్య పిల్లల కోసం మూడు వేల రూపాయల పటాకులు. రెండోది, మా కుక్క చిట్టిగాడి కోసం తొమ్మిది వందల రూపాయల కామింగ్ ట్రీట్స్ డబ్బా. భయపడే కుక్కలు నెమ్మదించడానికి పెట్టే మెత్తటి బిస్కెట్లు అవి. రెండిటినీ కారు డిక్కీలో పక్కపక్కనే పెట్టుకొని హైదరాబాదు నుంచి ఊరికి బయల్దేరాను. దారి పొడుగునా, ఖమ్మం దాటి, కొత్తగూడెం దాటి, పాల్వంచ దాటి, ఆ రెండూ ఒకే డిక్కీలో ఉండటంలో ఏదో తిరకాసు ఉందని నాకు తట్టనే లేదు.

మా ఊరు సారపాక దగ్గర, బూర్గంపాడు వైపు. గోదావరి మీది వంతెన దాటితే భద్రాచలం. ఇంటి వెనక పొలం, పొలం అవతల కొంత బీడు, దాని తర్వాత అడవి. ఇంట్లో అమ్మ, నాన్న, మా నాయనమ్మ. నాయనమ్మకి ఎనభై దాటాయి. మూడేళ్ళుగా మతిమరుపు జబ్బు. పగలు బాగానే ఉంటుంది. పొద్దుగూకితే మాత్రం ఎవరెవర్నో పిలుస్తుంది, ఇంటికి పోతానని లేస్తుంది. ఆమె సంగతి మళ్ళీ చెబుతాను.

చిట్టిగాడు సగం లాబ్రడార్, సగం మా అపార్ట్‌మెంట్ వీధి కుక్క. 22 కిలోలు. పటాకులంటే ప్రాణం పోయేంత భయం. మనిషి చెవికి సుమారు 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోయే శబ్దం కుక్కకి 45 వేల దాకా వినిపిస్తుందంటారు. మనకి ‘ఢాం’ అని ఒక్క ముక్కగా వినిపించేది వాడికి ఎలా ఉంటుందో ఊహించడం నా వల్ల కాదు. నాకు తెలిసిందల్లా బయటికి కనబడేదే. వణుకు, చొంగ, తోక పొట్టకిందికి పోవడం, గోళ్ళతో తలుపు గీకడం.

ఊళ్ళో ఆ సాయంత్రం మొదటి లక్ష్మీ బాంబు ఎక్కడో దూరంగా పేలగానే వాడు చేసిన పని ఒకటే. నేరుగా పోయి నాయనమ్మ మంచం కింద దూరాడు. నులక మంచం, వెనక గోడ, మూల గది, కిటికీ మూసి ఉంది. ఆలోచిస్తే ఇంట్లో అంతకన్నా మంచి చోటు లేదు. నేను వెళ్ళి మెడపట్టీ పట్టుకొని బయటికి లాగి, డబ్బా మీద రాసినట్టు పది కిలోలకి ఒకటి చొప్పున రెండు బిస్కెట్లు పెట్టాను. అమ్మ చూసి, “ఏందిరా అవి?” అంది. చెప్పాను. “మత్తు బిస్కెట్లా?” అంది. “మత్తు కాదమ్మా, రిలాక్స్ అవడానికి” అన్నాను. అమ్మకి ఇంగ్లీషు రాకపోవడం వల్ల అలా అంటోందని ఆ క్షణంలో అనుకున్నాను కూడా.

తర్వాత అందరం వాకిట్లోకి వెళ్ళాం. డబ్బా హాల్లో టీపాయి మీదే ఉంది.

ఎనిమిదిన్నరకి ఫోను కోసం లోపలికొస్తే చిట్టిగాడు హాలు మధ్యలో పక్కకి వాలి నిద్రపోతున్నాడు. బయట థౌజండ్ వాలా పేలుతోంది. చెవి కూడా కదపలేదు. నాకెంత సంతోషం వేసిందంటే, ఫొటో తీసి మా ఆఫీసులో కుక్కలున్నవాళ్ళ గ్రూపులో పెట్టాను. “సూపర్‌గా పనిచేసింది, అందరూ కొనండి” అని రాశాను. పదకొండు లైకులు వచ్చాయి. తొమ్మిదిన్నరకి ఊడుస్తూ అమ్మ సోఫా వెనక నుంచి కొరికి చింపిన డబ్బా తీసింది. ఉండాల్సినవి యాభై ఆరు. మిగిలినవి పందొమ్మిది.

అంటే నేను ఫొటో తీసేసరికే వాడు ముప్ఫై ఏడు తిని పడి ఉన్నాడు.

ఇలాంటిది మీ ఇంట్లో జరిగితే ఏం చెయ్యాలో ముందు చెప్పేస్తాను. నాకు ఆ రాత్రి తెలియదు. అన్నయ్యకి తెలిసిన పశువైద్యుడొకాయన పండగ పూట కూడా ఫోనెత్తి, ఓపిగ్గా చెప్పాడు. ఆయన మొదటి ప్రశ్న కుక్క ఎలా ఉందని కాదు. “డబ్బా చేతిలో ఉందా? వెనక అక్షరాలు చదవండి” అన్నాడు. అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లలో వాడతారు, కొన్నిచోట్ల బర్చ్ షుగర్ అని రాస్తారు. మనకి ఏమీ కాదు గానీ, కుక్క ఒంట్లో అది ఇన్సులిన్‌ని ఒక్కసారిగా పొంగిస్తుంది. అరగంటా గంటలో రక్తంలో చక్కెర పడిపోవచ్చు, ఎక్కువ తింటే కాలేయం దెబ్బతింటుంది. అది ఉంటే ఇంకే ప్రశ్నా లేదు, బండెక్కడమే. గంజాయి మొక్క నుంచి తీసిన సీబీడీ లాంటిది ఏదన్నా కలిసిందా అన్నది రెండోది. చాక్లెట్, ఎండుద్రాక్ష లాంటివి రుచి కోసం కలిపారా అన్నది మూడోది.

మా డబ్బాలో ఉన్నవి చామంతి జాతి పువ్వు పొడి, ఎల్-థియనిన్, ట్రిప్టోఫాన్, మెలటోనిన్. థియనిన్ తేయాకులో ఉంటుంది, 1949లో జపాన్‌లో కనిపెట్టారు. మెలటోనిన్ మన మెదడులోనే రాత్రిపూట తయారయ్యే నిద్ర హార్మోను, 1958లో ఆరన్ లెర్నర్ అనే అమెరికన్ డాక్టరు ఆవుల మెదళ్ళలోని గ్రంథుల నుంచి వేరుచేశాడు. ఇవి కాస్త ఎక్కువైతే మామూలుగా ప్రాణం మీదికి రాదు. మగతా, తూలడం, వాంతి, విరేచనాలు ఉంటాయి. ఇంకో సంగతి, ఇలాంటి మెత్తటి బిస్కెట్లు ఒక్కసారిగా డబ్బాడు తింటే, మందు మాట అటుంచి, ఆ ముద్దే ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగేసుకుంటుంది. అందుకని కుక్క లేవగానే నీళ్ళు అందేట్టు ఉండాలి.

చెయ్యకూడనివి ఆయన గట్టిగా చెప్పాడు. అమ్మ అప్పటికే ఉప్పు నీళ్ళు కలుపుతోంది, కక్కిద్దామని. “వద్దమ్మా” అన్నాడు స్పీకర్లో. మగతలో ఉన్న కుక్కని కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పే విషమవుతుంది. పాలు విరుగుడు కాదు. చిటికెడు పసుపూ వద్దు. చెయ్యాల్సింది చూడటం. పేరు పెట్టి పిలిస్తే కన్ను తెరుస్తున్నాడా? పైపెదవి ఎత్తితే చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయా, పాలిపోయాయా? పొట్ట నిమిషానికి ఎన్నిసార్లు ఎగసిపడుతోంది? నిద్రలో ఉన్న కుక్కకి పదిహేను నుంచి ముప్ఫై దాకా మామూలు. పిలిచినా తట్టినా లేవకపోయినా, శ్వాస మరీ నెమ్మదించినా, ఒళ్ళు కొట్టుకున్నా, చిగుళ్ళు తెల్లబడినా ఎంత రాత్రయినా తీసుకురమ్మన్నాడు.

నేను ఫోన్లో టైమర్ పెట్టుకొని, అరగంటకోసారి అంకెలు ఒక నోట్‌లో రాసుకుంటూ కూర్చున్నాను. సర్వరు పడిపోయిన రాత్రుల్లో చేసే పని అదే కాబట్టి చేతికి అలవాటు. పద్నాలుగు, పదిహేను, పదమూడు, పదహారు. పదమూడు పడినప్పుడు మళ్ళీ ఫోను చేశాను. తెల్లవారుజామున మూడింటికి వాడు లేచి, తూలుతూ పోయి ఒక గిన్నెడు నీళ్ళు తాగి, వరండాలో వాంతి చేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంకో రోజు విరేచనాలు, ఆ తర్వాత మామూలు. కథ సుఖాంతం.

నేను రాయాలనుకున్నది మాత్రం ఎనిమిదిన్నరకీ తొమ్మిదిన్నరకీ మధ్య ఆ గంట గురించి.

ఆ గంటసేపు నా కుక్క మోతాదు మించి మత్తులో పడి ఉంది, నేను సంతోషంగా ఉన్నాను. నిర్లక్ష్యం వల్ల కాదు. వాడి వంక చూశాను, ఫొటో కూడా తీశాను. చూసినా తెలియలేదు. ఎందుకంటే మందు ఎక్కువైనప్పుడు కనబడేదీ, నేను మందు నుంచి కోరుకున్నదీ ఒక్కటే, కదలకుండా పడి ఉండటం. జ్వరం మాత్ర ఎక్కువైతే ఒళ్ళు వేరే రకంగా చెబుతుంది. నెమ్మది మందు ఎక్కువైతే ఇంకా నెమ్మదిగా కనబడుతుంది. నేను కొలిచింది వాడి భయాన్ని కాదు, వాడు నన్ను ఎంత ఇబ్బంది పెడుతున్నాడన్నదాన్ని. అది సున్నాకి వచ్చింది కాబట్టి అంతా బాగుందనుకున్నాను. మా వృత్తిలో ఇది తెలిసిన తప్పే. అలర్ట్‌లు రావడం ఆగిపోతే సిస్టమ్ బాగుపడిందని అర్థం కాదు, ఒక్కోసారి అలర్ట్ పంపే భాగమే చచ్చిపోయి ఉంటుంది. ఆఫీసులో ఈ తప్పు నేను చెయ్యను.

దీనికి పశువైద్యంలోనే ఒక పాఠం ఉంది. ఏసిప్రొమజిన్ అనే మందుని చాలా ఏళ్ళు శబ్దాలకి భయపడే కుక్కలకి ఇచ్చేవారు. కుక్క కదలకుండా పడుకునేది, యజమాని తృప్తిపడేవాడు. కానీ అది ఒంటిని కట్టేస్తుందే గానీ భయాన్ని తీస్తుందన్న నమ్మకం లేదు. పారిపోవడానికి కాళ్ళు రాని స్థితిలో అదే చప్పుడు వింటూ, అదే భయంతో పడి ఉండొచ్చు. అందుకే ఇప్పుడు ఆ భయానికి దాన్నొక్కదాన్నే ఇవ్వొద్దంటున్నారు. జంతువుల విషయంలో అడగాల్సింది అవి ఆలోచించగలవా అని కాదు, బాధ పడగలవా అని జెరెమీ బెంతామ్ 1789లోనే తేల్చాడు. సరే, పడగలవు. ఆ బాధ బయటికి చెప్పుకునే దారిని కూడా మనమే మూసేసినప్పుడు, పడుతున్నాయో లేదో ఎవర్నడగాలి?

అయితే మందులే వద్దంటావా? అనను. మర్నాడు పొద్దున పక్క గూడెం నుంచి మా పొలం పనికొచ్చే కోయ తాత వాంతి కడుగుతున్న నన్ను చూసి సంగతేంటని అడిగాడు. చెప్పాను. చాలాసేపు నవ్వాడు. “మా కుక్క పటాకుల సప్పుడైతే అడివిలకి పోతది బాబూ. పొద్దున అదే వస్తది” అన్నాడు. వినడానికి ఎంతో బాగుంది. ఈ మాట మీద ప్రకృతి, స్వేచ్ఛ అంటూ ఒక వ్యాసం అల్లెయ్యొచ్చు. కానీ తాతే ఇంకో మాట కూడా చెప్పాడు. అంతకు ముందున్న కుక్క అలాగే పోయి, పందుల కోసం పెట్టిన ఉచ్చులో పడి చచ్చిపోయిందట. హైదరాబాదులో నా కుక్క భయంతో గేటు దాటితే ఏ కారు కిందో పడుతుంది. పారిపోయే చోటు లేని జీవికి మందు ఇవ్వడం దయే అవుతుంది. డాక్టరు చూసి, బరువుకి తగ్గట్టు, భయాన్నే తగ్గించే మందు రాసిస్తే ఇవ్వను అనడం మూర్ఖత్వం. వణికే కుక్కని ‘సహజంగా’ వణకనివ్వడంలో గొప్పేమీ లేదు.

కాబట్టి నా ప్రశ్న మందు గురించి కాదు. మందు దాకా వచ్చే ముందు నేను దాటుకొచ్చిన మెట్ల గురించి. మొదటిది, చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది? ఊరంతా కాలుస్తుంటే నేనేం చెయ్యగలను అనుకోవచ్చు. దీపావళికి పటాకులు రాత్రి ఎనిమిది నుంచి పది మధ్యనే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, దాన్ని అమలు చెయ్యడం నా చేతిలో లేదు. కానీ మా వాకిట్లో పేలినవాటికి డబ్బు కట్టింది నేను. మూడు వేలు పెట్టి భయాన్ని కొన్నాను, తొమ్మిది వందలు పెట్టి దానికి మందు కొన్నాను. రెండోది కొన్నాను కాబట్టే మొదటిది కొనడానికి మనసొప్పింది. డబ్బాలో బిస్కెట్లతో పాటు ఆ అనుమతి కూడా ఉంది. పిల్లలు మతాబులు, కాకరపువ్వొత్తులతో సరిపెట్టుకునేవాళ్ళేమో, నేనసలు అడగలేదు.

రెండోది, వాడు తనకు తానే ఏం చేసుకుంటున్నాడు? మంచం కింద దూరాడు. వాడి జబ్బుకి వాడు వెతుక్కున్న వైద్యం అది. నేను బయటికి లాగాను. ఎందుకు లాగానని చాలాసార్లు అడుక్కున్నాను. పండగ పూట కుక్క మంచం కింద దాక్కోవడం నాకు నచ్చలేదు. హాల్లో, మా మధ్య, ప్రశాంతంగా పడుకున్న కుక్క కావాలి నాకు. అలాంటి కుక్కే దొరికింది.

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క కథ మనకందరికీ తెలుసు. స్వర్గానికి రథం వస్తే, నమ్మి వచ్చినదాన్ని వదిలి రానంటాడు. చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడల్లా కుక్కని వదలకపోవడమే ధర్మం అనుకున్నాను, నేనూ వదల్లేదు కదా, కారులో ఊరిదాకా తీసుకొచ్చాను. ఇప్పుడనిపిస్తోంది, ఆ కుక్క ధర్మరాజు వెనక తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ వచ్చింది. ఒక బిస్కెట్ పెట్టి, మత్తులో ఉన్నదాన్ని రథంలో పడేసుకుంటే కూడా వదలకపోవడమే అవుతుంది. రెండూ ఒకటేనా?

ఇక నాయనమ్మ సంగతి.

ఆమెకి రాత్రిళ్ళు మరీ ఆందోళనగా ఉంటే వెయ్యమని డాక్టరు అర మాత్ర రాశాడు. ‘అవసరమైతే’ అని స్పష్టంగా చెప్పాడు. మొదట్లో వారానికోసారి వేసేవాళ్ళం. తర్వాత రోజూ. చుట్టాలొచ్చిన రోజున ఒకటి. ఆ దీపావళి సాయంత్రం కూడా అమ్మ అడిగింది, “పటాకులకి లేచి కూసుంటదేమోరా, నిండు మాత్ర వేద్దామా?” అని. నేను చిట్టిగాడికి బిస్కెట్లు పెడుతూ, తల కూడా ఎత్తకుండా, “వేసెయ్” అన్నాను.

అమ్మని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మూడేళ్ళుగా రాత్రి రెండింటికి లేచేది అమ్మ. హైదరాబాదులో కూర్చొని వీడియో కాల్లో పలకరించేది నేను. నిద్రలేని మనిషి నిద్ర కోరుకోవడం పాపం కాదు. కానీ మతిమరుపు ఉన్న ముసలివాళ్ళకి ఇచ్చే కొన్ని రకాల మందులు మరణాల్ని పెంచుతున్నాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే పెట్టెగట్టి హెచ్చరిక రాయించింది. ఆ హెచ్చరిక వర్తించే రకం మందే నాయనమ్మది. కుక్క బిస్కెట్ల డబ్బా వెనక అక్షరాలు ఆ రాత్రి పదిసార్లు చదివాను. నాయనమ్మ మాత్రల అట్ట వెనక ఏముందో మూడేళ్ళలో ఒక్కసారి చదవలేదు. చిట్టిగాడి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్న ఆ రాత్రి, మూడు గంటల వేళ లేచి మూల గదిలోకి వెళ్ళి, ఆమె ఛాతీ వంక కూడా ఒక నిమిషం చూశాను. లెక్కపెట్టాను. అంత నిశ్శబ్దంగా నిద్రపోతున్న ఆమెని చూసి “హమ్మయ్య” అనుకున్న రాత్రులు ఎన్నో గుర్తొచ్చాయి.

తర్వాత నెలలో ఆమెని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన మమ్మల్ని తిట్టలేదు. ఏ రాత్రి ఎందుకు లేస్తోందో రాసి తెమ్మన్నాడు. రాస్తే తేలింది, సగం రాత్రులు మూత్రానికి లేస్తోంది, గదిలో చీకటికి దారి తెలియక కేకలు పెడుతోంది. గదిలో చిన్న లైటు పెట్టాం. మాత్రని ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించాం. సమస్య తీరలేదు, తగ్గింది. ఇప్పటికీ నెలలో మూడు నాలుగు రాత్రులు అర మాత్ర వేస్తున్నాం. వేసేటప్పుడు అమ్మా నేనూ ఫోన్లో ఒక మాట అనుకుంటాం, ఈ మాత్ర ఎవరి కోసం అని. ఒక్కోసారి జవాబు ‘మన కోసమే’ అని వస్తుంది. అలా వచ్చినా వేసిన రాత్రులున్నాయి. కనీసం ఆమె కోసం అని చెప్పుకోవడం మానేశాం.

నెమ్మది బిస్కెట్లు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి, బీరువా పై అరలో, తాళం వేసి. ఈసారి దీపావళికి ఊళ్ళో మా వాకిట్లో బాంబులుండవని పిల్లలకి ముందే చెప్పాను. అలిగారు. కిటికీలు మూసి, ఫ్యాను పెద్దగా పెట్టి, చిట్టిగాడిని మంచం కిందే వదిలేద్దామని నిర్ణయం. అప్పటికీ వణికితే డాక్టరు చెప్పినన్ని, అంతే.

పోయిన వారం ఊరికి వెళ్ళినప్పుడు రాత్రి రెండున్నరకి నాయనమ్మ పిలుస్తుంటే లేచి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టలేదు. చెయ్యి మంచం పక్కకి వేలాడేసి కింద దేనికోసమో తడుముతోంది. చిట్టిగాడు అక్కడే ఉన్నాడు, లేచే ఉన్నాడు.

“కుక్క తిన్నదా?” అనడిగింది.

తిన్నదని చెప్పాను.

“ఎన్ని?” అంది.

పక్కన కూర్చున్నాను. తెల్లారేదాకా ఇద్దరూ పడుకోలేదు.